సినిమా సాంబారు

తిరుపతి బస్టాండు వెనక సందులో సంతోషమ్మ మెస్సు ఉంది. తెల్లారి ఐదు గంటలకల్లా మునెయ్య అక్కడ పొయ్యి ముందు నిలబడి ఉంటాడు. ఎసట్లో కందిపప్పు వేసి, చింతపండు నానబెట్టి, వేయించిన శెనక్కాయ విత్తనాలు రోట్లో పోసి ఊరిబిండి నూరుతాడు. ఒక పక్క వంకాయ పులగూర ఉడుకుతుంటే ఇంకో పక్క సాంబారు గుండిగ పొంగుకొస్తుంది. పన్నెండుకు మొదటి బంతి కూర్చునేసరికి అన్నీ దించేసి ఉంటాయి. ఎవరు పలకరించినా నవ్వుతూ బదులిస్తాడు గానీ, ఉప్పు వేసేటప్పుడు మాత్రం మాట్లాడడు. గుప్పిట్లో కల్లుప్పు పట్టుకుని, కళ్ళు మూసుకుని, గొంతులోనే ఏదో పాట తీస్తాడు. పాట ఒకచోట ఆగుతుంది. ఆగినప్పుడు గుప్పిలి విడుస్తాడు. అంతే, కొలత కుదిరిపోతుంది.

ఇరవై ఏడేండ్లుగా ఆ చేతివంట తిన్నవాళ్ళకు ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. మునెయ్య నాలుకకు రుచి తెలియదు.

పంతొమ్మిదో ఏట నాగలాపురం దగ్గర వాళ్ళ ఊళ్ళో విషజ్వరం వచ్చి ఇరవై రోజులు మంచాన పడ్డాడు. లేచి కూర్చుని అమ్మ ఇచ్చిన గంజి తాగితే తడిగుడ్డ నమిలినట్టు ఉండింది. బెల్లం పెట్టినా అంతే, మిరపకాయ కొరికినా అంతే. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి తప్ప నాలుకకు ఏమీ అందలేదు. అప్పటికే పెండ్లిండ్ల వంటవాళ్ళ దగ్గర పనికి కుదిరి ఉన్నాడు. ఈ మాట బయటపడితే వంటింట్లోకి ఎవడు రానిస్తాడు? నోరు మూసుకున్నాడు. ఆ ఎండాకాలం ఊళ్ళో తిరునాళ్ళకు "తేనెగుట్ట రాణి" నాటకం ఆడారు. మునెయ్య ఒక మూల ముడుచుకుని కూర్చున్నాడు. రాణి వేషంలో ఉన్న చంద్రకాంతమ్మ మొదటి పాట అందుకోగానే అతడి నోట్లోకి తేనె వచ్చింది. గట్టు మీది చెట్టుకు పట్టిన తేనె, కొంచెం పూలవాసన కూడా ఉన్న తేనె. అతడు వెక్కి వెక్కి ఏడిచాడు. పక్కనున్నవాళ్ళు రాణి మీద జాలి కాబోలు అనుకున్నారు.

సత్యవేడు, నాగలాపురం, పిచ్చాటూరు వైపు వాళ్ళకు ఈ నాటకం గురించి చెప్పాల్సిన పని లేదు. అందులో ఆరు పాటలు, ఆరింటికీ ఆరు రుచులు. రాణి గుట్టను ఏలేటప్పుడు తీపి, పొరుగు రాజుతో సరసంలో పులుపు, యుద్ధంలో కారం, మోసపోయాక చేదు, గుట్ట విడిచి పోయేటప్పుడు ఉప్పు, మళ్ళీ తిరిగి వచ్చేటప్పుడు పచ్చి ఉసిరికాయలాంటి వగరు. వగరు తర్వాత మంచినీళ్ళు తాగితే నోరంతా తియ్యబడుతుంది కదా, అదే నాటకానికి మంగళం. ఆ వైపు జనం పాటల్ని పేర్లతో పిలవరు, తీపి పాట, ఉప్పు పాట అనే అంటారు. షుగరున్నవాళ్ళు తీపి పాటప్పుడు లేచి అవతలికి పోతారు. కారం పాట ముందు చంటిబిడ్డల తల్లులు బిడ్డల చెవులు మూస్తారు. ముప్పై ఏండ్లుగా రాణి వేషం చంద్రకాంతమ్మదే. అంతకుముందు ఆమె మేనత్తది.

విన్న పాటను గుర్తు చేసుకుంటే రుచి కూడా రవ్వంత నాలుక మీదికి వస్తుంది. ఆ రవ్వంతతోనే ఆ ఏడే తిరుపతి వచ్చి, ఈ మెస్సులో చేరి మునెయ్య బతుకు నెట్టుకొచ్చాడు. ఉప్పు పాటను మనసులో పాడుకుంటూ ఉప్పు, పులుపు పాటతో చింతపండు, కారం పాటతో మిరప్పొడి. ఏడాదికి రెండు మూడు సార్లు రాత్రిపూట ఎక్కడ నాటకం ఉంటే అక్కడికి పోయి, మరిచిపోకుండా మళ్ళీ విని వచ్చేవాడు.

ఆ నాటకాన్ని సినిమాగా తీస్తున్నారన్న మాట తొంభై ఎనిమిదిలో వచ్చింది. నలుగురు మనుషులు పెద్ద టేపురికార్డరుతో సత్యవేడు దిగి, నాలుగు రోజులు ఉండి, చంద్రకాంతమ్మ చేత ఆరు పాటలూ పాడించుకుని పోయారు. పోతూ పోతూ శాలువా కప్పి, "సినిమాలో మీ గొంతే అమ్మా" అన్నారట. ఆ మాట విని మునెయ్య ఎంత సంబరపడ్డాడో! ఇక తిరునాళ్ళ కోసం ఎదురుచూడక్కర్లేదు. టికెట్టు కొంటే చాలు.

మరుసటి ఎండాకాలం సినిమా విడుదలైంది. మునెయ్య పనిలో చేరాక మొదటిసారి పగటిపూట సెలవడిగాడు.

పుత్తూరులో హాలు కిటకిటలాడింది. పల్లెల నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. చాలామంది పొద్దున ఏమీ తినకుండా వచ్చారు, నోరు ఖాళీగా ఉంటే రుచి బాగా అందుతుందని. క్యాంటీనతను మురుకులు, బఠాణీలు తట్టలో పెట్టుకుని తిరిగితే ఒక్కరూ కొనలేదు. తెర మీద రాణి వచ్చింది. చుట్టూ నలభై మంది ఆడపిల్లలు, వెనక ఎక్కడిదో మంచుకొండ. తీపి పాట మొదలైంది. డప్పులు, డ్రమ్ములు, ఇంకా పేరు తెలియని వాయిద్యాలు ఒకదాని మీద ఒకటి పడి మోగాయి. గొంతు చంద్రకాంతమ్మది కాదు. చరణం ముగిసింది. ఎవరో నాలుక చప్పరించిన చప్పుడు వినిపించింది.

మునెయ్య ముందు వరసలో ఒకామె పక్కామెను గోకింది. "ఏమ్మే, నీకేమన్నా వచ్చిందా?"

"లేదే. నీకు?"

"ఎంగిలి తప్ప ఏం లేదు."

పులుపు పాటకూ ఏమీ రాలేదు. కారం పాటకు ఒకామె అలవాటు కొద్దీ బిడ్డ చెవులు మూసి, కాసేపటికి తనే చేతులు తీసేసింది. బాల్కనీ నుంచి ఒక గొంతు, "రవ్వంత ఉప్పన్నా వెయ్యండప్పా!" అని అరిచింది. హాలంతా గొల్లుమంది. ఇంకొకడు మిషను గది వైపు తిరిగి, "రీళ్ళు కడిగి వేసినావా ఏమప్పా?" అన్నాడు. ఇంటర్వెల్లో క్యాంటీనతడి తట్ట ఐదు నిమిషాల్లో ఖాళీ అయింది. ఆకలితో ఉన్నవాళ్ళు మురుకుల కోసం తోసుకున్నారు.

మునెయ్య ఉప్పు పాట కోసం కాచుకుని కూర్చున్నాడు.

గుట్ట దిగిపోతున్నా, తుమ్మెదా
గూడు నీకే విడిచినా

నాటకంలోవీ ఇవే మాటలు. కానీ తెర మీది రాణి "గుట్ట గుట్ట గుట్ట దిగిపోతున్నా, తుమ్మెదా తుమ్మెదా" అంటూ ఎగురుకుంటూ దిగింది. ఏమీ రాలేదు. సినిమా అయిపోయి, దీపాలు వెలిగి, చిమ్మేవాళ్ళు చీపుర్లతో లోపలికి వచ్చినా ఒక ముసలాయన కుర్చీలోంచి లేవలేదు. "ఆఖర్న వస్తాదేమో నాయనా, ఇంకొంచేపు సూస్తా" అన్నాడు.

రెండో రోజు నుంచి ఆడవాళ్ళు చిన్న డబ్బీల్లో ఊరగాయ తెచ్చుకున్నారట. పాట వస్తే వేలితో అద్దుకుని నాకడం. ఈ కబురు తెచ్చింది సత్యవేడు బస్సు కండక్టరు సుందరరాజు. అతడు మధ్యాన్నం మెస్సులోనే తింటాడు. "బస్సంతా ఇదే గొడవన్నా" అన్నాడు, అన్నంలో గుంట చేస్తూ. "కొందరేమో పాటలు పాడుచేసినారంటారు. కొందరు మన నాలికలే మొద్దుబారినాయంటారు. సినిమా బాగానే ఉండాది, బట్టలు సూడు, కోట సూడు అనేవాళ్ళూ ఉండారు. కాలేజీ పిల్లోళ్ళయితే, నాటకమూ ఇంతేలే, పెద్దోళ్ళు గొప్పలు సెప్పుకున్నారంతే అంటా ఉండారు. ఆ మాటకే ముసిలోళ్ళకు కోపం."

"చంద్రకాంతమ్మ సూసిందా?" మునెయ్య అడిగాడు.

సుందరరాజు చెయ్యి ఆగింది. "సత్యవేడులో మొదటి ఆటకే పోయిందంట. తన గొంతు వస్తాదని ఊరంతా ఆమెను నడిమధ్య కూసోబెట్టినారు. పాట రాంగానే అందరూ తిరిగి ఆమె మొఖమే సూసినారంట. ఆమె ఇంటర్వెల్లో లేసి ఇంటికి పోయింది. ఇంక పాడనని సెప్పేసిందంట. నాటకాలు కూడా మానుకున్నారు. సినిమానే సూసేసినాం గదా, ఇంకా నాటకమెందుకు అని ఎవురూ పిలస్తా లేరు." అంటూ అన్నం కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నములుతూ నములుతూ మునెయ్య వైపు చూశాడు. "అన్నా, ఈ సాంబారేంది, సప్పగా ఉండాది?"

ఆ పొద్దున ఉప్పు వేసేటప్పుడు పాట తడబడిందని మునెయ్యకు గుర్తొచ్చింది.

మరునాడు తెల్లారి గుప్పిట్లో ఉప్పు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పాట తీయబోతే చెవిలో జోరీగ దూరినట్టు "గుట్ట గుట్ట గుట్ట" అని వచ్చింది. తల విదిలించి మళ్ళీ తీశాడు. మళ్ళీ అదే. పాత వరస ఎంత వెతికినా దొరకలేదు. పులుపు పాటకూ అదే గతి. అందాజుగా వేశాడు. ఒక రోజు సముద్రం, ఒక రోజు చెరువు నీళ్ళు. నాలుగో రోజుకు ఆటోవాళ్ళు ఆకు ముందు కూర్చుంటూనే, "ఏమప్పా, ఈ పొద్దు మామూలు సాంబారా, సినిమా సాంబారా?" అని అడగడం మొదలుపెట్టారు. సందంతా ఆ పేరే పాకింది. మునెయ్య వాళ్ళతో పాటు నవ్వాడు. వంటింట్లోకి వచ్చి గోడకు తల ఆనించి నిలబడ్డాడు.

సంతోషమ్మ మంచి మనిషి. మొగుడు పోయాక ఒక్కతే మెస్సు నడుపుతూ కూతురు నందినిని డిగ్రీ దాకా చదివించింది. ఆమె మునెయ్యను ఒక్క మాట అనలేదు. "ఒంట్లో బాగలేదేమో, రెండ్రోజులు పడుకో" అంది. అంతటితో ఆగి ఉంటే సర్దుకునేవాడేమో. కానీ వచ్చే శుక్రవారం నందినికి తాంబూలాలు. చిత్తూరు నుంచి పెండ్లికొడుకు వాళ్ళు వస్తున్నారు, రెండు వందల మందికి భోజనాలు. చుట్టాలు వేరే వంటవాణ్ణి పిలుద్దామంటే నందిని ఒప్పుకోలేదు.

"నాకు పాలు మాన్పించి సాంబారన్నం పెట్టింది మునెయ్య మామే గదా. ఆ సాంబారే కావాల. సినిమా సాంబారైనా సరే" అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక మునెయ్య సంచి సర్దుకున్నాడు. బుధవారం పొద్దున సుందరరాజు వాళ్ళ బస్సెక్కి సత్యవేడులో దిగాడు.

చంద్రకాంతమ్మ ఊరి చివర అరుగు మీద కూర్చుని విత్తనాలకు శెనక్కాయలు ఒలుస్తూ ఉంది. యాభై నాలుగేండ్ల మనిషి, నిండైన మొహం, చెంపల దగ్గర నెరిసిన జుట్టు. మునెయ్య చెప్పులు విడిచి నమస్కారం పెట్టాడు. ఆమె తలెత్తి అతడి చేతి సంచి వైపు చూసింది.

"దాంట్లో టేపురికార్డరు ఉందా?"

"లేదమ్మా. తువాలు, ఇన్ని అరటిపండ్లు. నేను తిరపతిలో వంటోణ్ణి. మీరు ఒక్కసారి ఉప్పు పాట పాడాల. నాకు మతికి రావడంలా."

"నేను పాడేది మానుకున్నా. పోయి సినిమా సూడుపో."

"సూసే పోగొట్టుకున్నానమ్మా."

ఆమె మళ్ళీ కాయలు ఒలవసాగింది. మునెయ్య అరుగు కింద నేల మీద కూర్చున్నాడు. తానూ నాలుగు కాయలు తీసి ఒలిచాడు. కాసేపటికి తనకే తెలియకుండా నోరు తెరిచి, ఇరవై ఏడేండ్లుగా అమ్మకు కూడా చెప్పని మాట చెప్పేశాడు. జ్వరం సంగతి, నాలుక సంగతి, గుప్పిట్లో ఉప్పు సంగతి. ఆమె నమ్మలేదు. లేచి పెరట్లోకి పోయి గుప్పెడు వేపాకు దూసుకొచ్చి చేతికిచ్చింది. మునెయ్య తమలపాకు నమిలినట్టు నిదానంగా నమిలి మింగాడు. కనురెప్ప కూడా కదల్లేదు. చంద్రకాంతమ్మ అతడి మొహాన్నే చూస్తూ అరుగు మీద మళ్ళీ కూర్చుంది.

"అయితే ఇన్నేండ్లూ నా పాటతోనే ఉప్పేసినావా?"

"మీ పాటతోనే. రోజుకు రెండు వందల మందికి. కొండకొచ్చినోళ్ళు, ఆస్పత్రికొచ్చినోళ్ళు, పరీచ్చలు రాసేదానికొచ్చిన పిల్లోళ్ళు. అందురూ మీ పాట తిన్నోళ్ళే."

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, పాట ఎత్తుకుంది. ఎత్తుకుని ఆగిపోయింది. ఆమె నోటి నుంచి కూడా "గుట్ట గుట్ట" అనే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే.

"సూసినావా? నాదీ పోయింది. ముప్పై ఏండ్లు పాడింది ఒక్క ఆటతో పోయింది. అందుకే మానుకున్నానప్పా. అలిగి కాదు."

ఎండ అరుగు మీదికి వచ్చింది. ఊరికే కూర్చోలేక మునెయ్య గుప్పిట్లోకి శెనక్కాయ విత్తనాలు తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని, అలవాటు కొద్దీ చెయ్యి లేపాడు. పాట మరిచిపోయాడు గానీ చెయ్యి మరవలేదు. చెయ్యి నిదానంగా గుండిగ మీదికి పోయినట్టు పోయింది, నిలిచింది, మణికట్టు రవ్వంత తిరిగింది, అప్పుడు వేళ్ళు విడిపోయి విత్తనాలు నేల మీద పడ్డాయి.

"ఇంకోసారి సెయ్" అంది చంద్రకాంతమ్మ.

మళ్ళీ చేశాడు. ఆమె ముందుకు వంగి ఆ చేతినే చూసింది.

"యాడ ఆపినావు?"

"మీరు ఆపే కాడేనమ్మా. 'దిగిపోతున్నా' అని ఆపుతారు గదా. ఆడ మీరు ఒక గుటక మింగుతారు. తుమ్మెదను పిలిసే ముందు. ఆ గుటకలోనే ఉప్పొస్తాది. పాటప్పుడు రాదు. ఆపినప్పుడే."

చంద్రకాంతమ్మ పెదవులు కదిలాయి. సినిమాలో ఆ ఆగడమే లేదు. ఆగాల్సిన ప్రతి చోటా ఒక డ్రమ్ము పెట్టారు. ఆమె అతడి చేతిని చూస్తూ, చెయ్యి కదిలితే పాడుతూ, చెయ్యి నిలిస్తే నిలుస్తూ, మెల్లగా మొదలుపెట్టింది. మూడోసారికి వరస దొరికింది. నాలుగోసారి "గుట్ట దిగిపోతున్నా" అని ఆపి గుటక మింగింది. మునెయ్య నాలుక చివర ఉప్పు తగిలింది. వీధిలో గొర్రెలు తోలుకుపోతున్న మనిషి నిలబడి, పెదాలు నాక్కుని, "అక్కా, పాడతా ఉండావా!" అన్నాడు. ఎదురింటి ముసలామె తలుపు తీసింది.

మధ్యాన్నం దాకా ఆరు పాటలూ వెతికి పట్టుకున్నారు. పులుపు పాట అతడి చింతపండు పిసికే వేళ్ళలో ఉండింది. తీపి పాటకు మాత్రం చాలా కష్టపడ్డారు, మెస్సులో పాయసం పండగలకే కాబట్టి ఆ చేతికి అలవాటు తక్కువ.

శుక్రవారం మొదటి బస్సుకు చంద్రకాంతమ్మ తిరుపతి దిగింది. రమ్మని మునెయ్య అడగలేదు, ఆమె వస్తానని చెప్పనూ లేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని, పొయ్యి పక్కన కూర్చుని, "కానీ" అంది. మునెయ్య గుప్పిట్లో ఉప్పు తీసుకున్నాడు. ఆమె పాడింది.

ముందు గదిలో తాంబూలాలు మార్చుకుంటున్నారు. పెద్దమనిషి లగ్నపత్రిక చదువుతూ చదువుతూ ఆగి గుటక మింగాడు. పెండ్లికొడుకు తరఫు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పిచ్చాటూరు ఆడపడుచు ఒకామె ఉంది. "ఒసే, ఇది ఉప్పు పాట గదే!" అని లేచి చెప్పులు కూడా వేసుకోకుండా వంటింటి వైపు పరుగెత్తింది. ఆమె వెనక ఇంకొందరు. తీపి పాట వచ్చేసరికి వంటింటి గుమ్మం, పెరడు, ప్రహరీ గోడ నిండా జనం. కాబోయే మామగారు షుగరు మనిషి, తల పట్టుకుని సందు చివరికి నడిచిపోయాడు. పాట అయ్యాక ఎవరో పోయి పిలుచుకొచ్చారు. పెండ్లికొడుకు తమ్ముళ్ళు ఇద్దరు కాలేజీ పిల్లలు, సినిమా చూసి నాటకాన్ని ఎగతాళి చేసినవాళ్ళే. వాళ్ళు గోడ మీద కూర్చుని నోళ్ళు తెరిచి మూస్తూ ఉండిపోయారు. "ఇదంట్రా" అన్నాడు వాళ్ళ తాత, వాళ్ళ వీపుల మీద చెరో చెయ్యి వేసి.

బంతులు లేచాయి. సాంబారు రెండోసారి, మూడోసారి అడిగి పోయించుకున్నారు. నందిని తన ఆకు ముందు నుంచి వంటింటి వైపు చూసి, వేళ్ళు నాక్కుంటూ నవ్వింది.

సాయంత్రం చుట్టాలు వెళ్ళాక మునెయ్య సంతోషమ్మ ముందు నిలబడి ఉన్నదంతా చెప్పాడు. ఆమెకు కోపం వచ్చింది.

"ఇరవై ఏడేండ్లు! పండగ పండక్కీ నీకేం కావాల మునెయ్యా అని అడిగి అడిగి వండి పెడితినే. బాగుండాదక్కా అంటివే!"

"నువ్వు పెడితే బాగుంటాదనే నమ్మినానక్కా."

ఆమె కాసేపు అటు తిరిగి కూర్చుంది. ముక్కు చీదుకుంది. "సరే పో. ఆ చంద్రకాంతమ్మ యాడ పడుకుంటాది? పైన గది ఊడిపించు" అంది.

ఒక రాత్రి కోసమని ఊడిపించిన గదిలో చంద్రకాంతమ్మ ఉండిపోయింది. పిచ్చాటూరామె ఊరికి పోయి చెప్పిందేమో, వారం తిరక్కముందే ఇద్దరు పెద్దమనుషులు వెతుక్కుంటూ వచ్చి, "ఆడి నెల జాతరకు మా ఊళ్ళో భారతం ఆడే మిట్ట మీద నాటకం ఆడాల" అని తాంబూలం ఇచ్చిపోయారు. ఆ వెనకే ఇంకో ఊరు. చెదిరిపోయిన నాటకం వాళ్ళకు సుందరరాజు బస్సు మీద కబుర్లు పోయాయి. పొరుగు రాజు వేషగాడు పుత్తూరులో ఆటో తోలుతున్నాడు, పెండ్లాన్ని ఒప్పించుకుని వచ్చాడు. నందిని పెండ్లి కార్తీకంలో. అంతవరకూ ఊరికే కూర్చోవడమెందుకని ఆ పిల్ల, మెస్సు వెనకింటి ఇద్దరు పిల్లలు సాయంత్రాలు మేడ మీద పాటలు నేర్చుకుంటున్నారు. వాళ్ళు తప్పు పాడితే సందులో ఎవరికో ఒకరికి పులిసిన మజ్జిగ రుచి వస్తుంది, కిందినుంచి అరుస్తారు. సినిమా రెండో వారంలోనే ఎత్తేశారు. దాన్ని తిట్టేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

ఒక మధ్యాన్నం ఆఖరి బంతి లేచాక, మునెయ్య ఎప్పటిలాగే మిగిలిన అన్నంలో అన్నీ ఒక్కటిగా కలిపి, నిలబడే నాలుగు ముద్దలు మింగబోతున్నాడు. చంద్రకాంతమ్మ చూసింది.

"అదేం తిండప్పా, పశువుకు కుడితి పెట్టినట్టు. కూసో." ఆకు వేసింది. అన్నం పెట్టింది. "నేను పాడేటప్పుడు ఎప్పుడన్నా తిన్నావా నువ్వు?"

మునెయ్య ఆలోచించాడు. తిరునాళ్ళలో పాట జరుగుతుంటే ఎవడు తింటాడు? వంటింట్లో ఆమె పాడేటప్పుడు చేతిలో గరిటె ఉంటుంది. "లేదమ్మా" అన్నాడు.

ఆమె సాంబారు పోసి, ఎదురుగా పీట మీద కూర్చుని, తొందరేమీ లేనట్టు ఉప్పు పాట మొదటి నుంచి ఎత్తుకుంది. మునెయ్య అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆమె ఒకచోట ఆపి గుటక మింగింది. అతడి దవడ ఆగిపోయింది. నోట్లో ఉన్నది పాట రుచి కాదు. కందిపప్పు. ములక్కాడ. ఇంగువ. అడుగున రవ్వంత మాడిన వాసనతో సహా, తను లెక్కలేనన్నిసార్లు కాచి ఒక్కసారీ ఎరగని సాంబారు.

కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మూడో ముద్దకు మొహం చిట్లించాడు.

"ఏమి?" అంది చంద్రకాంతమ్మ, పాట ఆపి.

"ఉప్పు రవ్వంత ఎక్కువైనాది."

"అయితే రేపటి నుంచి తగ్గించు."

"తగ్గిస్తా. నువ్వు పాడమ్మా, ఆపొద్దు. ఇంకా ఊరిబిండి ఉండాది, మజ్జిగుండాది."